జర్నల్ క్లబ్‌లో హిఫ్ పేపర్ పడితే ఎలా చదవాలి

చెన్నైలో పల్మనాలజీ, క్రిటికల్ కేర్ పీజీ చేస్తున్న మన తెలుగు పిల్లల కోసం ఇది. ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు ఒక్కసారిగా తీవ్రంగా దెబ్బతిని రక్తంలో ఆక్సిజన్ పడిపోయే జబ్బు) హిఫ్ (ఆక్సిజన్ తగ్గినప్పుడు జీన్స్ ఆన్ చేసే ప్రోటీన్) మీద పేపర్ ఇవ్వగానే చాలామంది మందు పేరు, సర్వైవల్ కర్వ్ చూసేసి స్లైడ్స్ మొదలుపెట్టేస్తున్నారు, అలా చేయకండి.

ముందు పాత్‌వే కాగితం మీద చేత్తో గీయండి. ఆక్సిజన్ సరిపడా ఉంటే ప్రోలైల్ హైడ్రాక్సిలేజ్ ఎంజైములు హిఫ్ ఆల్ఫాకి గుర్తు పెడతాయి, ఆ గుర్తు పట్టుకుని వీహెచ్‌ఎల్ అనే ప్రోటీన్ దాన్ని ప్రోటియాజోమ్‌కి, అంటే ప్రోటీన్లని ముక్కలు చేసే చోటికి, పంపేస్తుంది, ఆక్సిజన్ తగ్గితే ఆ గుర్తు పడదు కాబట్టి హిఫ్ నిలబడి న్యూక్లియస్‌లోకెళ్ళి జీన్స్ ఆన్ చేస్తుంది. 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకి నోబెల్ వచ్చింది ఈ పనికే. ఎంజైముకి ఐరన్, 2-ఆక్సోగ్లూటరేట్ కూడా కావాలి, బొమ్మలో అవి వదిలేయకండి, రాక్సాడుస్టాట్ లాంటి మందులు అడ్డుపడి హిఫ్‌ని నిలబెట్టేది అక్కడే.

ఇక అసలు ప్రశ్న, హిఫ్ ఏ సెల్‌లో పెరిగింది? ఆల్వియోలార్ ఎపిథీలియంలో (ఊపిరితిత్తి గాలి గదుల లోపలి పొర) పెరిగితే గ్లైకాలసిస్, అడినోసిన్ సిగ్నలింగ్ పుంజుకుని ఎలకల్లో ఊపిరితిత్తిని కాపాడింది, వెంటిలేటర్ సాగదీతకే, ఆక్సిజన్ తగ్గకపోయినా, అది పెరుగుతుందని కూడా చూశారు. అదే హిఫ్ న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణంలో ఉంటే ఆ సెల్ త్వరగా చావదు, ఇన్‌ఫ్లమేషన్ సాగుతూనే ఉంటుంది. అందుకే ఎలక మొత్తానికి మందిచ్చి బాగుందంటే సరిపోదు, ఒక్కో రకం సెల్‌లో హిఫ్ జీన్‌ని విడిగా నాకౌట్ చేశారా, అంటే పనిచేయకుండా తీసేశారా అని వెతకండి. ఇక్కడ ఎంతసేపు కూర్చున్నా నష్టం లేదు.

మందు ఎల్‌పీఎస్‌కి (ఎలక ఊపిరితిత్తిని దెబ్బతీయడానికి ఇచ్చే బ్యాక్టీరియా పదార్థం) ముందిచ్చారా తర్వాతా అన్నది మెథడ్స్‌లో చూడండి, మన ఐసీయూకొచ్చే పేషెంట్ లంగ్ అప్పటికే దెబ్బతినుంటుంది కదా. ఎలకకి ఎంత ఆక్సిజన్ పెట్టారో కూడా రాసుకోండి.

రాక్సాడుస్టాట్ లాంటిదే అయిన డెసిడుస్టాట్ మన దేశంలో దొరుకుతోందిగా అని ఎవరో ఒకరు అడుగుతారు. అది కిడ్నీ జబ్బులో రక్తహీనతకి, ఏఆర్‌డీఎస్‌కి కాదు, పైగా ఇదే కోవకి చెందిన వాడాడుస్టాట్, డాప్రోడుస్టాట్‌లకి అమెరికాలో రక్తం గడ్డకట్టే ముప్పు గురించి బాక్స్‌డ్ వార్నింగ్ (లేబుల్ మీద పెట్టే అతి గట్టి హెచ్చరిక) ఉంది, ఏఆర్‌డీఎస్ పేషెంట్‌కి అసలే గడ్డలు కట్టే రిస్క్ ఎక్కువ. ప్రస్తుతానికి ప్రాణాలు నిలిపిందని ట్రయల్‌లో తేలినవాటిలో 2000 నాటి, ఎత్తుని బట్టి లెక్కేసిన బరువులో కిలోకి 6 ఎంఎల్ టైడల్ వాల్యూమ్ (వెంటిలేటర్ ఒక్కో శ్వాసకి ఇచ్చే గాలి) ఒకటి, మరణాలు 40 శాతం దగ్గర్నుంచి 31కి తగ్గాయి. దాని పక్కన పెట్టి మీ పేపర్‌ని చూపించండి. ఏ సెల్ అన్నది తేలకపోతే లిమిటేషన్స్ స్లైడ్‌లో మొదటి పాయింట్ అదే పెట్టండి.