బుడగలు నిలవట్లేదా? అమెరికా స్పార్క్లింగ్ వైన్‌తో వచ్చే చిక్కులు, వాటికి మందు

"కాలిఫోర్నియా సరుకు కదా, ఇంతేలే" అనే మాట వింటే నాకు బాధేస్తుంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లైతో కలిసి తాగింది కాలిఫోర్నియాలోని నాపా లోయలో తయారైన ష్రామ్స్‌బర్గ్ స్పార్క్లింగ్ వైన్. రుచి తేలలేదంటే వైన్‌ను అనుమానించే ముందు మిగతావి చూడండి.

సమస్య: పోసిన రెండు నిమిషాలకే బుడగలు మాయం.

కారణం: చాలాసార్లు గ్లాసే. బుడగలు వాటంతట అవి పుట్టవు. గ్లాసు లోపల అంటుకున్న సన్నటి నూలు పోగో, చిన్న గీతో వాటికి ఆధారం. డిష్‌వాషర్ సబ్బు పొర మిగిలితే బుడగా సరిగా రాదు, నురుగూ నిలవదు.

పరిష్కారం: గ్లాసును ఉత్త వేడినీళ్లతో బాగా కడిగి, నూలు గుడ్డతో లోపల తుడవండి. మొన్న మా ఇంట్లో ఒకే బాటిల్‌ను రెండు గ్లాసుల్లో పోశాను. డిష్‌వాషర్‌లోంచి తీసినది చెరువు నీళ్లలా ఊరుకుంది. గుడ్డతో తుడిచిన దాంట్లో మాత్రం అడుగు నుంచి సన్నటి ముత్యాల దండలా బుడగలు పైకి వస్తూనే ఉన్నాయి. రెండింట్లోనూ లేకపోతే అప్పుడు బాటిల్‌ను అనుమానించండి.

సమస్య: వాసనే లేదు, పులుపు ఒక్కటే తెలుస్తోంది.

కారణం: మరీ చల్లగా ఉంది, గ్లాసు మరీ ఇరుకు.

పరిష్కారం: ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట ఆగండి. 8 నుంచి 10 డిగ్రీలు చాలు. పొడుగాటి సన్న గ్లాసు బదులు మామూలు వైట్ వైన్ గ్లాసులో సగం కంటే తక్కువే పోయండి. కాలిఫోర్నియా ఆండర్సన్ వ్యాలీలోని రోడరర్ ఎస్టేట్ వైన్‌ను ఇలా పోస్తే ముందు ఆపిల్, కాసేపటికి కాల్చిన బ్రెడ్ అంచు వాసన వస్తాయి. ఆ బ్రెడ్ వాసన, బాటిల్‌లోనే రెండోసారి పులిశాక అడుగున మిగిలిన ఈస్ట్‌తో నెలల తరబడి ఉండటం వల్ల వచ్చేది. పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టిన చవక రకాల్లో దాని కోసం వెతక్కండి. లేబుల్ మీద "ఫర్మెంటెడ్ ఇన్ దిస్ బాటిల్" (ఈ బాటిల్‌లోనే పులిసింది) అని ఉందేమో చూసి కొనండి.

సమస్య: "ఎక్స్‌ట్రా డ్రై" అని కొంటే తియ్యగా ఉంది.

పేరే మోసం చేస్తుంది. వైన్ భాషలో "డ్రై" అంటే తీపి లేనిది, కానీ ఎక్స్‌ట్రా డ్రై కంటే బ్రూట్ అనే రకంలోనే తీపి తక్కువ. బ్రూట్‌లో లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటే, ఎక్స్‌ట్రా డ్రైలో సాధారణంగా 12 నుంచి 17 గ్రాములు ఉంటుంది. తీపి వద్దంటే బ్రూట్ తీసుకోండి.

సమస్య: తెరవగానే పొంగి సగం నేలపాలు.

లోపల ఒత్తిడి కారు టైరులో కంటే రెట్టింపు పైనే. వేడిగా ఉన్నా, కుదుపుకు గురైనా పొంగుతుంది. ఐసు, నీళ్లు కలిపిన బకెట్‌లో అరగంట పెట్టండి. బిరడా మీద నుంచి బొటనవేలు తీయకుండా, బాటిల్‌నే మెల్లగా తిప్పండి.

సమస్య: తడిసిన అట్టపెట్టె వాసన, ముక్కిన వాసన.

బిరడా చెడింది. దీనికి మందు లేదు, షాపులో వెనక్కి ఇచ్చేయండి.

సమస్య: మిరపకాయ బజ్జీతో తాగితే నోరు భగ్గుమంది.

గ్యాసు, పులుపు రెండూ కారాన్ని రెచ్చగొడతాయి. కారం తగ్గించిన ఉల్లి పకోడీ, నేతిలో వేయించి ఉప్పు చల్లిన జీడిపప్పు బ్రూట్‌కి భలే కుదురుతాయి. బజ్జీయే కావాలంటే ఆ రోజుకి ఎక్స్‌ట్రా డ్రై తెరవండి.