పిన్‌స్ట్రైపింగ్ కుంచె పట్టబోయే ముందు జాగ్రత్తలు

పిన్‌స్ట్రైపింగ్ అంటే వాహనాల వంటి వాటిపై కుంచెతో సన్నని అలంకార గీతలు గీయడం. గీత చెడిపోతే చేతి వణుకును నిందిస్తాం గానీ, చాలాసార్లు అసలు కారణం ఉపరితలంపై మిగిలిన మైనమే. అందువల్ల బైకు ట్యాంకునైనా, అభ్యాసానికి తీసుకున్న గాజు పలకనైనా ముందుగా సబ్బునీటితో కడిగి, ఆరిన తరువాత మైనాన్నీ జిడ్డునూ తొలగించే ద్రావకంతో తుడిచి, ఆపై వేళ్లు తగలకుండా చూసుకోవాలి. సిలికాన్ ఉన్న పాలిష్ అంటిన చోట రంగు పరుచుకోక చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది.

నూనె పట్టించి దాచిన కుంచెను, ఆ నూనె పూర్తిగా పోయేదాకా మినరల్ స్పిరిట్‌లో (పెట్రోలియం నుంచి తీసే ద్రావకంలో) కడగాలి.

ఎనామెల్ రంగు ఎంత పలుచన కావాలో కొలతతో తేలదు. నున్నని కాగితంపై కుంచెను ముందుకూ వెనక్కూ లాగుతూ, రంగు వెంట్రుకలంతటా సమంగా పట్టి కుంచె సాఫీగా జారే వరకు ద్రావకాన్ని చుక్కచుక్కగా కలపాలి.

తప్పిన గీతను తడిగా ఉండగానే ద్రావకంతో తుడిచేయవచ్చు, కానీ ఆ ద్రావకం అడుగు రంగును కరిగించదని కనబడని మూలలో ముందే పరీక్షించుకోవాలి.

గాలి ఆడే చోటు, చేతి తొడుగులు తప్పనిసరి. దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు. పాతకాలపు లెటరింగ్ (బోర్డులపై అక్షరాలు రాసే) ఎనామెల్ డబ్బాల్లో సీసం ఉండవచ్చు కనుక, ఊరికే దొరికినా వాటిని వాడకపోవడమే మేలు. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి, వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టాలి.