డయాలసిస్‌లో ఉన్నవాళ్ళ నరాల్లో, మెదడులో తేడా వస్తే ఇంట్లో ఎలా కనిపెట్టాలి

ఏళ్ళ తరబడి డయాలసిస్ చేయించుకుంటున్న మనిషికి ఏమొచ్చినా "నీరసం, మామూలే" అని వదిలేస్తుంటాం. దయచేసి అలా వదిలేయకండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏమైందో, అది డయాలసిస్‌కి ముందో, మధ్యలోనో, ఇంటికొచ్చాకో రాసుకోండి.

ముందు పాదాలు చూడండి, నరాలు దెబ్బతినడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదా? కళ్ళు మూసుకోమని దూదితో వేళ్ళు తాకి అడగండి. రెండు కాళ్ళూ ఒకేలా మొద్దుబారుతుంటే డయాలసిస్ సరిపోతోందో లేదో, షుగర్, బి12 ఎలా ఉన్నాయో డాక్టర్‌ని అడగాలి. పడుకోగానే కాళ్ళు లాగేస్తూ, కదిపితేనే హాయిగా ఉంటోందంటే ఐరన్ కూడా చూడమనండి.

చేతుల సంగతి వేరు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకోవడం, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం కార్పల్ టనల్, అంటే మణికట్టులో నరం నొక్కుకుపోయే సమస్య లక్షణాలు. బీటా-2 మైక్రోగ్లోబులిన్ అనే ప్రోటీన్ డయాలసిస్‌లో పూర్తిగా పోక, ఏళ్ళ మీద మణికట్టు దగ్గర పేరుకుని నరాన్ని నొక్కేస్తుంది. కానీ ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి చల్లబడి, పాలిపోయి నొప్పెడుతుంటే అది రక్తం అందకపోవడం కావచ్చు, వెంటనే డయాలసిస్ సెంటర్‌కి ఫోన్ చేయండి.

నాకు అన్నిటికంటే భయం మందులతోనే. నరాల నొప్పికిచ్చే గబాపెంటిన్, ప్రీగాబాలిన్, కండరాల పట్టుకిచ్చే బాక్లోఫెన్, సెఫిపైమ్ లాంటి యాంటీబయాటిక్స్ బయటికి పోయేది కిడ్నీల ద్వారానే కాబట్టి, మామూలు డోసే వీళ్ళకి విషమై మగత, అయోమయం, ఒళ్ళు అదరడం తెప్పించగలదు. పంటి డాక్టర్ దగ్గరకెళ్ళినా మొదటి మాట "డయాలసిస్ పేషెంట్" అనే చెప్పండి. స్టార్ ఫ్రూట్ ఒక్క ముక్క కూడా వద్దు, ఆగని ఎక్కిళ్ళతో మొదలై ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు.

డయాలసిస్ జరుగుతుండగా తలనొప్పి, వాంతి, తికమక వస్తే టెక్నీషియన్‌కి అప్పుడే చెప్పాలి, ముఖ్యంగా కొన్ని సెషన్లు మానేసి వచ్చినవాళ్ళు. తలకి చిన్న దెబ్బ తగిలినా చెప్పండి, ఎందుకంటే డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు వాడేవాళ్ళకి మెదడు చుట్టూ రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత బయటపడొచ్చు.

మూతి వంకర, మాట తడబాటు, ఒకవైపు చెయ్యి పడిపోవడం, ఫిట్స్ వస్తే తర్వాతి డయాలసిస్ దాకా ఆగకండి, ఎన్నింటికి మొదలైందో టైమ్ చూసుకుని వెంటనే ఎమర్జెన్సీకి పరుగెత్తండి. మందుల లిస్టు, చివరి డయాలసిస్ తేదీ, హెపారిన్ ఇచ్చారా లేదా అన్నది రాసిన కాగితం ఎప్పుడూ పేషెంట్ జేబులోనే ఉంచండి.