సీహెచ్-53 పార్ట్ చేతికొస్తే అది ఏ మోడల్‌దో పట్టుకోవడం ఎలా

ఎవరైనా సీహెచ్-53 అనే అమెరికా మిలిటరీ హెలికాప్టర్ పార్ట్ అని ఒక ముక్క చూపిస్తే ముందు దాని మీదున్న ప్లేట్ చదవండి, మిగతావన్నీ తర్వాత. ఎందుకంటే ఈ పేరు మీద నడిచేవి ఒకటి కాదు, చాలా మోడల్స్ ఉన్నాయి, ఒకదాని మెయిన్ సామాను ఇంకోదానికి పట్టదు, అమ్మేవాళ్లేమో అన్నిటికీ ఒకటే పేరు పెట్టేస్తుంటారు.

ప్లేట్ మీద 13 అంకెల నంబర్ ఉంటే అది నాటో స్టాక్ నంబర్, అంటే నాటో కూటమి దేశాలు మిలిటరీ సామానుకి వాడే నంబర్. మొదటి నాలుగంకెలు ఏ రకం సామానో చెప్తాయి. 1615 అంటే రోటర్ బ్లేడ్లు, వాటిని తిప్పే భాగాలు. 2840 టర్బైన్ ఇంజిన్, 1650 హైడ్రాలిక్స్, 1560 బాడీ. తర్వాతి రెండంకెలు నంబర్ ఇచ్చిన దేశం: 00 లేదా 01 అమెరికా, 12 జర్మనీ. జర్మనీ వాళ్లు సీహెచ్-53జీని తమ దగ్గరే తయారుచేసుకున్నారు కాబట్టి 12 కనిపిస్తే ఆ కోణంలో కూడా వెతకండి. దీన్ని తయారుచేసిన సికోర్‌స్కీ కంపెనీ సొంత పార్ట్ నంబర్ వేరే ఉంటుంది, సాధారణంగా 65తో మొదలవుతుంది, కంపెనీ లెక్కలో ఈ హెలికాప్టర్ ఎస్-65 మరి. చివర డాష్ తర్వాత ఉన్న అంకెల్ని అస్సలు వదలొద్దు, అక్కడ ఒక్క అంకె మారినా వస్తువు మారిపోతుంది.

నంబర్ చెరిగిపోతే చరిత్రే దిక్కు. అమెరికా మెరైన్ కోర్ కోసం చేసిన మొదటి సీహెచ్-53 ఎగిరింది 1964 అక్టోబర్ 14న. గేర్‌బాక్స్, రోటర్ వ్యవస్థ సీహెచ్-54 స్కైక్రేన్ అనే ఇంకో హెలికాప్టర్ నుంచి తెచ్చుకుని కింద కొత్త బాడీ కట్టారు. దానికి రెండు టీ64 ఇంజిన్లు, ఆరు బ్లేడ్లు. ఆ బలం చాలక సీహెచ్-53ఈ (E) మోడల్ చేశారు, 1974 మార్చి 1న ఎగిరింది, మూడో ఇంజిన్ వచ్చింది, బ్లేడ్లు ఏడయ్యాయి, దాంతో మెయిన్ గేర్‌బాక్స్, రోటర్ హెడ్ రెండూ మారక తప్పలేదు. అందుకే రోటర్ హెడ్ దొరికితే ముందు బ్లేడ్లు బిగించే చోట్లు లెక్కపెట్టండి. ఆరుంటే పాత మోడల్, ఏడుంటే సీహెచ్-53ఈ గానీ, దాని తర్వాతి సీహెచ్-53కే (K) గానీ. 2015 అక్టోబర్ 27న ఎగిరిన కే మోడల్‌కి టీ408 ఇంజిన్లు మూడు, ఒక్కోటి సుమారు 7,500 హార్స్‌పవర్, బయట వేలాడదీసి 12 టన్నుల పైనే 200 కిలోమీటర్లు మోసుకెళ్లేలా డిజైన్ చేశారు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది సీహెచ్-53ఈ మోడల్ బ్లేడ్. లోపల వెన్నెముకలా ఉండే టైటానియం స్పార్ బోలుగా ఉంటుంది, అందులో నైట్రోజన్ ప్రెషర్‌తో నింపి ఉంచుతారు, కంటికి కనపడని సన్న పగులు వచ్చినా గ్యాస్ లీకై ప్రెషర్ పడిపోతుంది, అలా ముందే తెలిసిపోతుంది. ఎంత మంచి ఆలోచన చూడండి!

పార్ట్ ఏదో తేలాక పేపర్లు అడగండి. రోటర్ భాగాల్లో చాలావాటికి గంటల లెక్కన ఆయుష్షు ఉంటుంది, ఎన్ని గంటలు ఎగిరిందో రికార్డ్ లేకపోతే పైకి కొత్తదాన్లా మెరుస్తున్నా దాన్ని ఎగిరేదేనికీ బిగించకూడదు, షోకేస్‌లో పెట్టుకోవడానికే. మిలిటరీ సామాను కాబట్టి డీమిల్ కోడ్ కూడా, అంటే బయటికి వదిలేముందు దాన్ని ఎంతవరకు పనికిరాకుండా చేయాలో చెప్పే కోడ్ కూడా చూడాలి, అందులో డి అని ఉంటే ఆ వస్తువుని పూర్తిగా ధ్వంసం చేశాకే బయటికి వదలాలని అర్థం. అలాంటిది ముక్కచెక్కలవకుండా మీ ముందుకొచ్చిందంటే డబ్బు ఇవ్వకండి, అసలు బయటికి ఎలా వచ్చిందో ముందు కనుక్కోండి.