పబ్‌మెడ్ రిఫరెన్సులను జోటెరోలోకి తెచ్చుకునే విధానం

థీసిస్ సమర్పించాల్సిన వారంలో గైడ్ ఒక వ్యాసం చూపించి, దాన్ని నాలుగో రిఫరెన్సు తర్వాత చేర్చమన్నారు. అప్పటికి జాబితాలో 112 రిఫరెన్సులున్నాయి. ఆ పీజీ విద్యార్థిని ఐదు నుంచి చివరిదాకా అంకెలన్నీ ఒక్కొక్కటిగా మార్చుకుంటూ రెండు రాత్రులు కూర్చుంది. మూడో రోజు ప్రింటు తీసి చూస్తే 63 రెండు చోట్ల ఉంది, 64 ఎక్కడా లేదు. ఆ కాగితాలు నా బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా నిలబడింది. రిఫరెన్సులను చేత్తో టైపు చేయవద్దని అప్పటి నుంచి కనిపించిన ప్రతి విద్యార్థికీ చెబుతున్నాను. దానికి బదులు ఏం చేయాలో మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, ఎంఎస్ చేస్తున్నవారు, నర్సింగ్, ఫార్మసీ, జీవశాస్త్ర పరిశోధకులు అందరికీ పనికొస్తుంది.

ఎవరి సేవ, ఎంత ఖర్చు

వైద్య, జీవశాస్త్ర వ్యాసాలను వెతుక్కునే పబ్‌మెడ్ అమెరికా ప్రభుత్వ సేవ. మేరీలాండ్ రాష్ట్రం బెథెస్డాలో ఉన్న నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ దీన్ని నడుపుతోంది. 1997 జూన్ నుంచి ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా తెరిచి ఉంచారు. రుసుము లేదు, కళాశాల లేఖ అక్కర్లేదు, అర్హత నిబంధనలూ లేవు. వెతకడానికీ, ఫైలు దించుకోవడానికీ ఖాతా కూడా అవసరం లేదు.

రిఫరెన్సులను దాచిపెట్టి, రాసేటప్పుడు వాటిని వరుసగా పేర్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్ జోటెరో. అది కూడా ఉచితమే. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుని, బ్రౌజర్‌కు దాని కనెక్టర్ అనే చిన్న అనుబంధాన్ని జోడిస్తే చాలు. జోడించిన పీడీఎఫ్‌లను వారి సర్వర్‌లో దాచుకోవడానికి ఉచితంగా 300 ఎంబీ స్థలం ఇస్తారు. రిఫరెన్సుల వివరాలు ఆ లెక్కలోకి రావు, అవి ఎన్ని వేలున్నా సింక్ అవుతాయి.

ఒక్క సంగతి ముందే తెలిసి ఉండాలి. పబ్‌మెడ్‌లో ఉండేది వ్యాసం గురించిన వివరం, సారాంశం. పూర్తి పాఠం చాలావాటికి పత్రిక సైటులోనే దొరుకుతుంది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవారికి 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 30 మంది ప్రచురణకర్తల పత్రికలు అందుతున్నాయి. మీ కళాశాల అందులో నమోదైందో లేదో గ్రంథాలయంలో అడగండి.

ఖాతా తెరవడం

తప్పనిసరి కాకపోయినా పబ్‌మెడ్‌లో ఖాతా తెరవమనే చెబుతాను. వెతికిన మాటలను అది దాచి ఉంచుతుంది. ఆ అంశం మీద కొత్త వ్యాసం వస్తే రోజూ, వారానికోసారి లేదా నెలకోసారి మెయిల్ పంపుతుంది. రెండేళ్లకు పైగా సాగే థీసిస్‌కు ఇది ఎంతో మేలు.

పేజీ పైన కుడి మూల లాగిన్ బటన్ ఉంటుంది. 2021 జూన్ నుంచి పబ్‌మెడ్ సొంత పాస్‌వర్డ్‌లు ఇవ్వడం మానేసింది. గూగుల్, మైక్రోసాఫ్ట్, ఆర్కిడ్ వంటి బయటి ఖాతాతోనే లోపలికి వెళ్లాలి. వీటిలో ఆర్కిడ్‌ను ఎంచుకోండి. కళాశాల ఇచ్చిన మెయిల్‌తో లాగిన్ అయ్యేవారికి కోర్సు ముగిశాక ఆ మెయిల్ మూతపడుతుంది, దాంతోపాటు దాచుకున్న వెతుకులాటలూ అందకుండా పోతాయి. ఆర్కిడ్ 16 అంకెల గుర్తింపు సంఖ్య. ఒకసారి తీసుకుంటే ఉద్యోగం మారినా, ఊరు మారినా మీదే. దాని మరో ఉపయోగం కింద పేర్ల దగ్గర చెబుతాను.

వెతికి, ఫైలు తీసుకోవడం

మీ అంశం స్క్రబ్ టైఫస్ అనుకుందాం. దాన్ని ఇంగ్లిషులో టైపు చేసి వెతికితే ఫలితాల జాబితా వస్తుంది. కావలసిన వ్యాసాల పక్కనున్న చిన్న గడిలో టిక్కు పెట్టండి. వెతుకులాటలు రెండు మూడు సార్లుగా సాగితే, ఎంచినవాటిని క్లిప్‌బోర్డుకు పంపి పెట్టుకోవచ్చు. అక్కడ 500 వరకు పడతాయి, కానీ ఎనిమిది గంటలు కదలిక లేకపోతే చెరిగిపోతాయి. భోజనానికి వెళ్లి రావచ్చు, రాత్రి నిద్రకు మాత్రం దాన్ని నమ్ముకోకండి.

ఎంపిక అయ్యాక జాబితా పైనున్న సెండ్ టు మెనూ తెరిచి సైటేషన్ మేనేజర్‌ను నొక్కండి. ఎంచుకున్నవి మాత్రమేనా, ఈ పేజీలోనివా, మొత్తం ఫలితాలా అని అడుగుతుంది. ఒక్కసారికి 10,000 దాకా తీసుకోవచ్చు. క్రియేట్ ఫైల్ నొక్కితే ఎన్‌బీఐబీ అనే పొడిగింపుతో ఒక ఫైలు దిగుతుంది. పక్కనే ఉన్న సేవ్ బటన్‌తో కూడా ఫైలు వస్తుంది గాని, అందులోని సారాంశం, సీఎస్‌వీ రకాలు ఈ పనికి కుదరవు. తొలిసారి చేసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఆ ఫైలును ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడమని నా దగ్గరికి వచ్చే అందరికీ చెబుతాను. అందులో దాపరికం ఏమీ లేదు. ప్రతి వరుసకు ముందు రెండు నుంచి నాలుగు అక్షరాల గుర్తు, ఒక చిన్న గీత, తర్వాత సమాచారం. పీఎంఐడీ ఆ వ్యాసానికి పబ్‌మెడ్ ఇచ్చిన సంఖ్య. టీఐ శీర్షిక. జేటీ పత్రిక పూర్తి పేరు, టీఏ దాని సంక్షిప్త రూపం. ఏయూ అంటే రచయిత ఇంటిపేరూ పొడి అక్షరాలూ, ఎఫ్ఏయూ అంటే అదే రచయిత పూర్తి పేరు. 2002కు ముందు వచ్చిన వ్యాసాలకు ఈ పూర్తి పేరు వరుస సాధారణంగా ఉండదు. పాత వ్యాసాల్లో మీ జాబితా పొడి అక్షరాలతోనే ఆగిపోవడానికి కారణం అదే, జోటెరో తప్పు కాదు.

ఆ రోజు తేదీ, వెతికిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, వచ్చిన ఫలితాల సంఖ్య కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. థీసిస్‌లో పద్ధతుల అధ్యాయం రాసేటప్పుడు ఇవి అడుగుతారు, అప్పుడు గుర్తు తెచ్చుకోవడం సాధ్యం కాదు.

జోటెరోలోకి దిగుమతి

ఫైల్ మెనూలో ఇంపోర్ట్ నొక్కి, ఫైలు నుంచి అనేదాన్ని ఎంచుకుని, దించుకున్న ఎన్‌బీఐబీని చూపించండి. వచ్చినవన్నీ కొత్త కలెక్షన్‌లో పెట్టమనే గడికి టిక్కు ఉండనివ్వండి. అప్పుడు ఈ రోజు తెచ్చినవి పాతవాటిలో కలిసిపోవు. జోటెరోకు బదులు ఎండ్‌నోట్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారైతే దాని ఇంపోర్ట్ మెనూలో ఫిల్టర్‌గా పబ్‌మెడ్ ఎన్ఎల్ఎంను ఎంచుకోవాలి. వేరే ఫిల్టర్ ఉంటే రికార్డులు రావు, వచ్చినా చిందరవందరగా వస్తాయి.

నాలుగైదు వ్యాసాలే అయితే ఫైలు దాకా వెళ్లనవసరం లేదు. పబ్‌మెడ్ పేజీలో ఉండగానే బ్రౌజర్‌లోని జోటెరో గుర్తును నొక్కితే జాబితా తెరుచుకుంటుంది, కావలసినవి ఎంచుకోవచ్చు. అంతకన్నా సులువు మంత్రదండం గుర్తున్న బటన్. దాన్ని నొక్కి పీఎంఐడీ గాని, డీవోఐ (వ్యాసానికి ప్రచురణకర్త ఇచ్చే శాశ్వత గుర్తింపు) గాని, పుస్తకమైతే ఐఎస్‌బీఎన్ గాని ఇస్తే వివరాలన్నీ వాటంతట అవే వస్తాయి. అభ్యాసానికి 13054692 ఇచ్చి చూడండి. 1953లో నేచర్ పత్రికలో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణం గురించి రాసిన వ్యాసం వస్తుంది.

తర్వాత 9500320 ఇవ్వండి. ఎంఎంఆర్ టీకాకూ పిల్లల్లో ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్‌లో వచ్చిన వ్యాసం అది. 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. ఉపసంహరించిన వ్యాసాలకు జోటెరో ఎర్రటి హెచ్చరిక చూపిస్తుంది. చేత్తో టైపు చేసిన జాబితాలో ఆ ఎరుపు ఎన్నటికీ కనిపించదు.

చాట్‌బాట్‌ను అడిగి రిఫరెన్సులు తీసుకునే అలవాటు ఇటీవల పెరిగింది. అలా వచ్చినవాటిని కూడా ఈ మంత్రదండం గుండానే రానివ్వండి. లేని వ్యాసమైతే సంఖ్య పలకదు. కొన్నిసార్లు సంఖ్య నిజమైనదే అయి, వ్యాసం మరొకటి అవుతుంది. అందుకని శీర్షికను కూడా పోల్చి చూడాలి.

పేర్ల దగ్గర ఆగండి

దిగుమతి కాగానే పని అయిపోయిందనుకుంటారు. నా దృష్టిలో అసలు పని అక్కడే మొదలవుతుంది. డేటాబేస్‌కు ప్రచురణకర్త ఏది పంపితే అదే మీ దగ్గరికి వస్తుంది. ముఖ్యంగా మన పేర్లు.

ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాసుకోవడం మన పద్ధతి. చివరి మాటే ఇంటిపేరు అనుకోవడం ఆ డేటాబేస్‌ల పద్ధతి. యల్లాప్రగడ సుబ్బారావు పేరే చూడండి. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ఫిస్కే, సుబ్బారావ్ పద్ధతిగా నేటికీ చెబుతున్నారు. రిఫరెన్సుల్లో ఆయన సుబ్బారావ్ వై. అంటే సొంత పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లింది, యల్లాప్రగడ ఒక్క అక్షరమై మిగిలింది. దీన్ని చూసి, ఇంటిపేరు ముందుకు రావాలి కదా అని మార్చేవారు ఉన్నారు. మార్చకూడదు. వ్యాసం మీద ఆయన పేరు ఎలా అచ్చయిందో అలాగే ఉండాలి, లేకపోతే చదివేవారు ఆ వ్యాసాన్ని పట్టుకోలేరు.

మార్చాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. కె. వెంకటేశ్వరరావు అనే రచయిత ఒక వ్యాసంలో రావు కేవీగా, మరొకదానిలో వెంకటేశ్వరరావు కె.గా కనిపిస్తారు. అంకెల పద్ధతిలో ఇది పెద్దగా తెలియదు. ఏపీఏ వంటి అక్షరక్రమ పద్ధతిలో మాత్రం ఒకే మనిషి ఆర్ కింద ఒకసారి, వీ కింద ఒకసారి వస్తారు. అలాంటప్పుడు వ్యాసం పీడీఎఫ్ తెరిచి, మొదటి పేజీలో పేరు ఏ రూపంలో ఉందో చూసి, జోటెరోలోని రెండు గడులను దానికి సరిపోయేలా దిద్దండి. మీరు సొంతంగా ప్రచురించేటప్పుడు ఏదో ఒక రూపానికి కట్టుబడండి. పాత రూపాలను ఆర్కిడ్‌లో ఇతర పేర్ల గడిలో నమోదు చేసుకోండి. ఇందాక చెప్పిన రెండో ఉపయోగం ఇదే.

సంస్థల పేర్లకు మరో చిక్కు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరును రెండు గడుల్లో ఉంచితే జాబితాలో ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్ అని అచ్చవుతుంది. గడి పక్కనున్న గుర్తు నొక్కి ఒకే గడిగా మార్చితే పేరు పూర్తిగా నిలుస్తుంది. ఐసీఎంఆర్ మార్గదర్శకాలను ఉటంకించేటప్పుడూ అంతే.

శీర్షికలు ప్రతి మాటా పెద్ద అక్షరంతో వస్తే, శీర్షిక మీద కుడి బటన్ నొక్కి సెంటెన్స్ కేస్‌కు మార్చండి. మార్చాక జన్యువుల పేర్లూ ఊళ్ల పేర్లూ చిన్న అక్షరాలయ్యాయేమో చూసుకోవాలి. అచ్చుకు ముందే ఆన్‌లైన్‌లో వచ్చిన వ్యాసాలకు సంపుటి, పేజీ సంఖ్యలు ఉండవు. జోటెరో వాటిని తనంతట తాను నింపదు. సమర్పించే ముందు అలాంటివి వెతికి మళ్లీ తెచ్చుకోండి.

ఒకటే రెండుసార్లు వస్తే

పబ్‌మెడ్‌తో పాటు మరో డేటాబేస్ నుంచి కూడా తెస్తే ఒకే వ్యాసం రెండుసార్లు వస్తుంది. ఎడమవైపు డూప్లికేట్ ఐటమ్స్‌లో జంటలు కనిపిస్తాయి. ఒకదాన్ని తీసేయకుండా మెర్జ్ చేయండి. తీసేసినది వర్డ్ ఫైలులో ఇప్పటికే వాడినదైతే ఆ లింకు తెగుతుంది, కలిపితే నిలుస్తుంది. ప్రీప్రింటూ (పత్రికలో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి), తర్వాత పత్రికలో వచ్చిన వ్యాసమూ మాత్రం ఒకటి కావు, వాటిని కలపవద్దు.

వర్డ్‌లో పెట్టడం, సమర్పించడం

జోటెరోతో పాటే వర్డ్‌లో దాని ట్యాబ్ వస్తుంది. రిఫరెన్సు కావలసిన చోట కర్సర్ ఉంచి యాడ్ సైటేషన్ నొక్కి, రచయిత పేరు గాని శీర్షికలో ఒక మాట గాని టైపు చేస్తే చాలు. వైద్య థీసిస్‌లకు ఎక్కువగా అంకెలతో సాగే వాంకూవర్ పద్ధతి అడుగుతారు. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో వైద్య పత్రికల సంపాదకులు సమావేశమైనప్పుడు రూపుదిద్దుకున్న నియమాలవి. పత్రికల పేర్లు మెడ్‌లైన్ (పబ్‌మెడ్‌లోని ప్రధాన భాగం) వాడే సంక్షిప్త రూపంలో రావాలంటే డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో ఆ గడికి టిక్కు పెట్టాలి. ఎంతమంది రచయితల తర్వాత ఎట్ ఆల్ (మరికొందరు) అని రాయాలో మీ విశ్వవిద్యాలయ మార్గదర్శకాల్లో చూసి శైలిని ఎంచుకోండి.

ఇప్పుడు గైడ్ నాలుగో రిఫరెన్సు తర్వాత మరొకటి చేర్చమంటే, చేర్చిన మరుక్షణం మిగిలినవన్నీ తమ అంకెలను తామే సర్దుకుంటాయి.

చివరి ప్రతి సిద్ధమయ్యాక ఫైలును వేరే పేరుతో కాపీ చేసుకుని, ఆ కాపీలో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కండి. అప్పుడు రిఫరెన్సులు మామూలు అక్షరాలైపోతాయి, వేరే కంప్యూటర్‌లో తెరిచినా చెదరవు. విశ్వవిద్యాలయానికి ఆ కాపీ వెళ్తుంది. లింకులున్న అసలు ఫైలును మీ దగ్గరే ఉంచుకోండి. పరీక్షకులు సవరణలు రాసి పంపితే వాటిని చేయాల్సింది అందులోనే.