మందారకు ఏమైంది? నల్లగొండ నీళ్లతో పెంచేవారికి

చిగురాకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చన

ముందు ఏ ఆకులు రంగు మారాయో చూడండి. కింది ముదురాకులన్నీ పసుపెక్కితే చాలావరకు నత్రజని తక్కువైనట్టే, మాగిన పశువుల ఎరువు వేస్తే కోలుకుంటుంది. కొసన లేతాకులు నిమ్మపండు రంగుకు తిరిగి, ఈనెలు పచ్చ దారంతో కుట్టినట్టు కనిపిస్తే అది ఇనుము లోపం. మన ఎర్ర చెల్క నేలకు ఆ ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల. అయినా మొక్కకు అందదు. బోరు నీళ్లలోని క్షారగుణం వేళ్లు దాన్ని తీసుకోకుండా అడ్డుపడుతుంది.

లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి, తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలపండి. వరుస తారుమారైతే బోరు నీళ్లు తుప్పు రంగుకు తిరుగుతాయి. ఆ మందు పారబోయడానికే. సాయంత్రం పూట, వారానికోసారి, రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. పాత ఆకులను చూసి నిరాశపడకండి, కొత్త చిగురును చూడండి. గోడ మీద పడితే మాత్రం మరక పోదు, మా ప్రహరీయే సాక్ష్యం.

ఆకుల అంచులు మాడి, కుండీ మట్టిపై తెల్లని పొర

ఫ్లోరైడ్ భయంతో ఇంటింటా ఆర్వో ఫిల్టరు పెట్టుకున్నాం. అది వదిలేసే నీళ్లు వృథా చేయడం ఇష్టంలేక మొక్కలకు పోస్తాం. నేనూ రెండేళ్లు పోశాను. బోరు నీళ్లలోని లవణాలన్నీ చిక్కబడి చేరేది ఆ నీళ్లలోనే! వాటితో ఇల్లు కడుక్కోండి. కుండీ పైపొర గీకి తీసేసి, వాన నీళ్లు గానీ నల్లా నీళ్లు గానీ అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా పోయండి. నాలుగు రోజులాగి మళ్లీ ఒకసారి.

మొగ్గలు విచ్చకుండానే రాలడం

రాలిన మొగ్గను తెల్లకాగితం మీద చీల్చి దులపండి. సన్నని గీతల్లాంటి పురుగులు కదిలితే అవి తామర పురుగులు. రాలిన మొగ్గలన్నీ ఏరి పారేసి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. ఏమీ కనిపించకపోతే తప్పు నీటి తడిది: ఒకరోజు ఎండగట్టి, మరునాడు ముంచెత్తడం. మే నెల ఎండల్లో మొక్క మొదట్లో ఎండుగడ్డి పరచి, మధ్యాహ్నం నీడ ఇవ్వండి. అప్పటికీ కొన్ని రాలతాయి.

కొమ్మల కణుపుల్లో తెల్లని దూది

పిండినల్లి. పత్తి, బెండ, మందార ఒకే కుటుంబం కాబట్టి పత్తి చేల మధ్య ఉన్న ఊళ్లలో దీని బెడద ఉండేదే. ముందు చీమల దారి తెంపండి, ఆ నల్లిని కాపాడేది అవే. గట్టి నీటిధారతో కడిగి, పైన చెప్పిన వేపనూనె వారం తేడాతో కొట్టాలి. బాగా ముసిరిన కొమ్మను కత్తిరించి కాల్చేయడమే మేలు.

ఆకు గుబురు, పూలు సున్నా

నీడ ఎక్కువ, లేదా యూరియా ఎక్కువ. పూలు కొత్త కొమ్మల మీదే వస్తాయి కనుక తొలకరికి కొసలు కత్తిరించండి.

డిసెంబరు చలికి కొన్ని ఆకులు పసుపెక్కి రాలితే మందు అక్కరలేదు. నీళ్లు తగ్గించి, ఎరువు ఆపి, ఎండ తగిలేలా జరపండి.