ఈజిప్టు, జమైకా వలసదారుల స్థితిగతులను సరిగ్గా పోల్చడం ఎలా?

అమెరికాలో న్యూయార్క్ పక్కనే ఉన్న జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ స్టేషన్‌లో రైలు దిగి కాస్త నడిస్తే న్యూఆర్క్ అవెన్యూ మీద మన దోసె హోటళ్లు, చీరల కొట్లు వరసగా కనిపిస్తాయి. అదే ఊళ్లో ఈజిప్టు నుంచి వచ్చిన కాప్టిక్ క్రైస్తవుల చర్చిలు ఉన్నాయి. హడ్సన్ నది దాటి బ్రూక్లిన్‌లో ఫ్లాట్‌బుష్ వైపు వెళ్తే జమైకా వాళ్ల బేకరీలు, ఘాటు మసాలా పెట్టిన మాంసం ప్యాటీల వాసన. ఇద్దరూ వలస వచ్చినవాళ్లే. ఒకే మహానగరం చుట్టూ స్థిరపడ్డవాళ్లే.

వీళ్లలో ఎవరు బాగా నిలదొక్కుకున్నారని అడిగితే చాలామంది తడుముకోకుండా చదువు లెక్క చెప్పేస్తారు. అమెరికాలో ఉంటున్న ఈజిప్టు దేశస్థుల్లో పాతికేళ్లు దాటినవాళ్లలో సగానికి మించి డిగ్రీ ఉంది. జమైకా వాళ్లలో అది దాదాపు నాలుగో వంతు. లెక్క నిజమే. కానీ దాన్ని పట్టుకుని "వాళ్ల సంస్కృతిలోనే చదువుంది, వీళ్లకి లేదు" అనేస్తారు చూడండి, తప్పు అక్కడ జరుగుతుంది. ఇదే తప్పు మన గురించి మనమూ చేస్తుంటాం. అందుకే ఈ పోలికను మొదటి నుంచీ ఎలా చేయాలో రాస్తున్నాను. కంప్యూటర్, ఇంటర్నెట్, కొంచెం ఓపిక ఉంటే డిగ్రీ చదివే పిల్లలు కూడా చేయగలరు.

1. ఏ దేశంలో పోలుస్తున్నారో ముందు తేల్చుకోండి

జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లి కట్టడాల పని చేస్తున్నవాళ్లనీ, హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాళ్లనీ కలిపి "తెలుగు వలసదారులు" అని ఒక సగటు తీస్తే దానికి అర్థం ఉంటుందా? ఈజిప్టు సంగతీ అంతే. సౌదీ, కువైట్‌లలో లక్షలమంది కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు. ఇటలీలోని మిలాన్‌లో చాలామంది పిజ్జా వంటశాలల్లోనూ, కట్టడాల పనుల్లోనూ ఉన్నారు. న్యూజెర్సీలో డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఇంజినీర్లు ఎక్కువ. జమైకా వాళ్లకీ లండన్ కథ వేరు, న్యూయార్క్ కథ వేరు. ఇక్కడ అమెరికాను తీసుకుందాం. లెక్కలు అందరికీ దొరుకుతాయి కాబట్టి.

2. ఎవరిని లెక్కపెడుతున్నారు?

అమెరికా సెన్సస్ బ్యూరో ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు ఒక సర్వే పంపుతుంది. అమెరికన్ కమ్యూనిటీ సర్వే అంటారు, క్లుప్తంగా ఏసీఎస్. అందులో పుట్టిన దేశం అడుగుతారు, పూర్వీకుల మూలం ఏమిటని విడిగా అడుగుతారు. రెండూ ఒకటి కాదు. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పుట్టి వచ్చిన తల్లి మొదటి ప్రశ్నలో దొరుకుతుంది. బ్రూక్లిన్‌లో పుట్టిన కొడుకు రెండో ప్రశ్నలో, అదీ అతను "జమైకన్" అని రాసుకుంటేనే. వలస వచ్చినవాళ్ల గురించి రాస్తుంటే పుట్టిన దేశాన్నే పట్టుకోండి.

జాతి కాలమ్‌ను మాత్రం నమ్ముకోవద్దు. 1977 నుంచి అమెరికా ప్రభుత్వ నిర్వచనంలో ఉత్తర ఆఫ్రికా మూలాలున్నవాళ్లు "శ్వేతజాతి" కిందికి వస్తున్నారు. 2024 మార్చిలో పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాలకు విడిగా ఒక వర్గం చేర్చారు కానీ పాత సర్వేలన్నిటిలో ఈజిప్టు వాళ్లు ఆ పెద్ద గుంపులో కలిసిపోయి ఉంటారు.

3. ఎవరు ఏ గుమ్మంలోంచి వచ్చారో రాసుకోండి

నా లెక్కలో ఇదే అసలు పని. దీనికి సగం సమయం ఇచ్చినా తప్పు లేదు. ఒక కాగితం తీసుకుని రెండు నిలువు గళ్లు గీయండి.

జమైకా గడిలో: 1943 నుంచి పొలం పనుల కాంట్రాక్టుల మీద మగవాళ్లు వచ్చారు. కనెక్టికట్‌లో పొగాకు తోటలకు, ఫ్లోరిడాలో చెరుకు కొట్టడానికి. 1952 అమెరికా చట్టం బ్రిటిష్ పాలనలోని ఒక్కో దీవికి ఏడాదికి 100 వీసాల పరిమితి పెట్టింది. దాంతో జనం బ్రిటన్ వైపు మళ్లారు. కరీబియన్ దీవుల జనంతో విండ్‌రష్ ఓడ లండన్ దగ్గరి టిల్‌బరీ రేవుకు చేరిన 1948 నుంచే ఆ దారి తెరుచుకుని ఉంది. 1962లో బ్రిటన్ తలుపు వేసింది. అదే ఏడాది ఆగస్టు 6న జమైకాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1965లో అమెరికా చట్టం మారాక మళ్లీ ఇటు తిరిగారు. ఈసారి చాలా ఇళ్లలో ముందు వచ్చింది ఆడవాళ్లు. నర్సులుగా, ఇళ్లలో పిల్లల్నీ వృద్ధుల్నీ చూసుకునేవాళ్లుగా వచ్చి, తర్వాత భర్తను, పిల్లలను, తల్లిదండ్రులను రప్పించుకున్నారు. 1970ల్లో సోషలిస్టు ప్రధాని మైఖేల్ మాన్లీ ప్రభుత్వ కాలంలో డబ్బున్నవాళ్లు, చదువుకున్నవాళ్లు కూడా పెద్ద ఎత్తున వెళ్లిపోయారు.

ఈజిప్టు గడిలో: 1952 విప్లవం తర్వాత భూసంస్కరణలు, 1961లో పరిశ్రమలు, వ్యాపారాల జాతీయీకరణ, ఇజ్రాయెల్‌తో 1967 యుద్ధం. ఆస్తి పోయినవాళ్లు, భవిష్యత్తు కనిపించని చదువరులు కదిలారు. వాళ్లలో కాప్టిక్ క్రైస్తవులు ఎక్కువ. 1965 అమెరికా చట్టం వృత్తి నిపుణులకు చోటిచ్చింది. 1971 ఈజిప్టు రాజ్యాంగం వలస వెళ్లే హక్కును గుర్తించింది. 1995 నుంచి అమెరికాలో లాటరీ వీసా వచ్చింది, అంటే వలస తక్కువగా వచ్చే దేశాలవాళ్లకు లాటరీ తీసి ఇచ్చే స్థిరనివాస వీసా. ఎక్కువగా గెలుచుకున్న దేశాల్లో ఈజిప్టు ఒకటి. ఆ లాటరీకి హైస్కూల్ చదువు గానీ, శిక్షణ కావాల్సిన పనిలో రెండేళ్ల అనుభవం గానీ ఉండాలి. అంటే అదృష్టం తగిలేలోపే ఒక జల్లెడ పట్టేశారు. ఐదేళ్లలో 50,000 మందికి మించి వలసదారులను పంపిన దేశాలకు ఆ లాటరీ లేదు. జమైకాకు లేనిది అందుకే, మన దేశానికి లేనిదీ అందుకే. 2011 తర్వాత అల్లర్లు, 2013లో చర్చిల మీద దాడులు జరిగాక ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు మరికొందరు.

ఇప్పుడు ఆ గళ్ల కింద ఒక చిన్న భాగహారం చేయండి. అమెరికాలో జమైకాలో పుట్టినవాళ్లు 7 లక్షలకు పైనే. ఆ దేశ జనాభా సుమారు 28 లక్షలు. అంటే అక్కడ నలుగురుంటే ఇక్కడ ఒకరు. ఈజిప్టు వాళ్లు ఇక్కడ సుమారు 2 లక్షలు, అక్కడ 10 కోట్లు దాటారు. అంటే 500 మందికి ఒకరు. నలుగురికి ఒకరు బయల్దేరితే ఆ వచ్చినవాళ్లలో టీచరూ ఉంటుంది, మేస్త్రీ ఉంటాడు, ఊరు ఊరంతా ఉంటుంది. 500 మందిలో ఒక్కరు బయల్దేరితే ఆ ఒక్కరు ఎవరై ఉంటారో మన ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. దూరం కూడా చూడండి. కింగ్‌స్టన్ నుంచి మయామీ వెయ్యి కిలోమీటర్లు కూడా లేదు. కైరో నుంచి న్యూయార్క్ సుమారు 9,000. టికెట్ ధరే ఒక జల్లెడ.

ఈజిప్టులో ఉన్న పెద్దవాళ్లందరినీ తీసుకుంటే డిగ్రీ ఉన్నవాళ్లు సగానికి ఎంతో దూరంలో ఉంటారు. కాబట్టి న్యూజెర్సీలో కనిపించే చదువు ఈజిప్టు సగటు కాదు, గుమ్మం దగ్గర ఏరిన చదువు. ఈ గుమ్మాల లెక్క ఏసీఎస్‌లో ఉండదు, వాళ్లు వీసా రకం అడగరు. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఏటా వేసే వలస గణాంకాల్లో దొరుకుతుంది. కుటుంబం, ఉద్యోగం, లాటరీ, ఆశ్రయం అని దేశాల వారీగా విడదీసి ఇస్తారు.

4. డేటా దించుకోండి, అందులో గుంతలు తెలుసుకోండి

మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ల ఐపమ్స్ సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఏసీఎస్ వ్యక్తిగత రికార్డులు, పేర్లు తీసేసినవి, ఉచితంగా ఇస్తారు. ఒక్క ఏడాదివి కాకుండా ఐదేళ్లవి కలిపి తీసుకోండి. ఈజిప్టు వాళ్లు తక్కువమంది కాబట్టి ఒక్క ఏడాది శాంపిల్ సరిపోదు.

అక్కడ బీపీఎల్ అనే కాలమ్ చూసి మన రేషన్ కార్డు అనుకోకండి, అది పుట్టిన చోటు. దాని పొట్టి రూపంలో జమైకా "వెస్టిండీస్" కింద, ఈజిప్టు "ఆఫ్రికా" కింద కలిసిపోతాయి. వివరమైన రూపమే ఎంచుకోవాలి. జీతం కాలమ్‌లో 999999 కనిపిస్తే అది కోటీశ్వరుడి జీతం కాదు, ప్రశ్న వర్తించలేదని గుర్తు. తీసేయకపోతే సగటు ఆకాశానికి అంటుతుంది. ప్రతి రికార్డుకూ ఉన్న వెయిట్‌ను వాడటం మరిచిపోవద్దు. ఒక్కో మనిషి ఎంతమందికి ప్రతినిధో చెప్పేది అదే.

5. సరిజోడీనే పక్కపక్కన పెట్టండి

25 నుంచి 54 ఏళ్ల వయసువాళ్లనే తీసుకోండి. ఆడవాళ్లను, మగవాళ్లను విడివిడిగా చూడండి. వచ్చి పదేళ్ల లోపువాళ్లు, పదేళ్లు దాటినవాళ్లు అని మళ్లీ విడదీయండి. నిన్న లాటరీలో వచ్చిన కుర్రాడిని, 1975లో వచ్చి రిటైరవుతున్న నర్సుతో పోల్చి ప్రయోజనం లేదు.

సగటు బదులు మధ్యగతం వాడండి, అంటే అందరినీ ఆదాయం వరసలో నిలబెడితే నడిమధ్యన ఉన్నవాళ్ల అంకె. నలుగురు గుండె డాక్టర్లు చాలు సగటును లాగేయడానికి. ఇంటి ఆదాయమా, మనిషి ఆదాయమా అన్నదీ ముఖ్యమే. జమైకా ఆడవాళ్లు పనికి వెళ్లడం చాలా ఎక్కువ, ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురు సంపాదిస్తుంటారు. ఈజిప్టు ఇళ్లలో ఆడవాళ్లు ఉద్యోగానికి వెళ్లడం తక్కువ. ఒకే ఇంటి ఆదాయం వెనక ఒక జీతం ఉందా, రెండున్నర జీతాలు ఉన్నాయా అన్నది చూడకపోతే పోలికే తలకిందులవుతుంది.

తేడా నిజమైందో కాదో తేల్చడానికి మార్జిన్ ఆఫ్ ఎర్రర్ చూడాలి, అంటే శాంపిల్ వల్ల అంకె అటూ ఇటూ ఎంత మారవచ్చో చెప్పే హద్దు. ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం: ఒక గుంపు మధ్యగత ఆదాయం 60,000 డాలర్లు, అటూ ఇటూ 4,000. ఇంకోదానిది 63,000, అటూ ఇటూ 3,000. వేలల్లో చూస్తే నాలుగు వర్గం పదహారు, మూడు వర్గం తొమ్మిది, రెండూ కలిపి వర్గమూలం తీస్తే ఐదు. అంటే తేడాకు హద్దు 5,000. మీకు కనిపిస్తున్న తేడా 3,000. కాబట్టి "తేడా ఉంది" అని రాయకూడదు.

6. డిగ్రీకి తగ్గ పని దొరికిందా?

మన్‌హట్టన్ ఫుట్‌పాత్ మీద పసుపన్నం, చికెన్, తెల్ల సాస్ వేసి ఇచ్చే హలాల్ బండి దగ్గర నిలబడితే, పెనం మీద గరిటె ఆడిస్తున్న మనిషి చాలాసార్లు ఈజిప్టు వాడే. అలాంటివాళ్లలో ఇంజినీరింగో, అకౌంట్సో చదివి వచ్చినవాళ్లూ ఉంటారు. కైరోలో డాక్టరైనా ఇక్కడ మళ్లీ లైసెన్సు పరీక్షలు రాసి, రెసిడెన్సీ అనే ఆసుపత్రి శిక్షణ చేయాలి. ఆ లోపు ఇల్లు గడవాలి. అందుకే డిగ్రీ ఉన్నవాళ్లలో ఎంతమంది డిగ్రీ అక్కర్లేని పనిలో ఉన్నారో విడిగా లెక్కకట్టండి. నాకు చదువు శాతం కంటే ఈ అంకే ఎక్కువ చెప్తుంది.

జమైకా వాళ్లకి భాష అడ్డం కాదు, ఇంగ్లిష్ వాళ్ల అధికార భాష. వాళ్లకి అడ్డం రంగు. అద్దె ఇల్లు వెతికేటప్పుడు, ఉద్యోగానికి వెళ్లినప్పుడు నల్లజాతివాళ్లకి ఎదురయ్యే వివక్షే వీళ్లకీ ఎదురవుతుంది. ఈజిప్టు వాళ్లు కాగితం మీద శ్వేతజాతి అయినా పేరు, మతం, యాస దగ్గర ఆగిపోతారు, 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత మరీను. అందుకే ఒకే చదువు, ఒకే వయసు ఉన్న అమెరికాలో పుట్టిన శ్వేతజాతీయులతోనూ, నల్లజాతీయులతోనూ రెండు గుంపులనూ పోల్చి చూడండి.

7. సర్వేకు అందనివి అడిగి తెలుసుకోండి

బ్రూక్లిన్‌లో జమైకా వాళ్లు మనిషి నడుము ఎత్తుండే పీపాలు కొంటారు. బియ్యం, నూనె, సబ్బులు, స్కూలు బూట్లు, టిన్నుల్లో చేపలు ఒక్కొక్కటే నెలల తరబడి అందులో సర్దుతారు. నిండాక ఓడ మీద ఇంటికి పంపుతారు. అమ్మ విదేశంలో ఉండి పీపాల మీద పెరిగిన పిల్లల్ని అక్కడ "బ్యారెల్ చిల్డ్రన్" అంటారు. ఆ తల్లి ఆదాయం ఏసీఎస్‌లో ఉంటుంది. బిడ్డకు దూరంగా గడిపిన ఏళ్లు ఉండవు. జమైకా జీడీపీలో ఇటీవలి సంవత్సరాల్లో సుమారు ఐదో వంతు ఇలా బయటి నుంచి పంపిన డబ్బే. సామాజిక స్థితిగతులు అన్నప్పుడు ఇది వదిలేస్తే సగం వదిలేసినట్టే.

పొదుపు కూడా అంతే. జమైకా వాళ్లు "పార్డ్‌నర్" వేస్తారు. వారం వారం తలా ఇంత వేసి, వంతుల వారీగా ఒక్కొక్కరు మొత్తం తీసుకుంటారు. ఈజిప్టు వాళ్లు దాన్నే "గమెయ్యా" అంటారు. మనకి వివరించక్కర్లేదు, చీటీ. ఇంటికి డౌన్ పేమెంట్, పిల్లల కాలేజీ ఫీజు చాలాసార్లు అక్కడి నుంచే వస్తాయి. సర్వేలో దీనికి ప్రశ్న లేదు. వెళ్లి మాట్లాడాల్సిందే.

8. పిల్లల తరం

ఏసీఎస్ తల్లిదండ్రుల పుట్టిన దేశం అడగదు. సెన్సస్ బ్యూరో చేసే మరో సర్వే, కరెంట్ పాపులేషన్ సర్వే, 1994 నుంచి అడుగుతోంది, రెండో తరానికి అదే వాడండి. శాంపిల్ చిన్నది, చాలా ఏళ్లు కలపాలి. ప్రముఖుల పేర్లతో తేల్చేయొద్దు. అమెరికా విదేశాంగ మంత్రిగా పనిచేసిన కొలిన్ పావెల్ తల్లిదండ్రులు జమైకా వాళ్లు, కమలా హారిస్ తండ్రి జమైకా వారు. ఈజిప్టులోని దమన్‌హూర్‌లో పుట్టి అమెరికా వచ్చిన అహ్మద్ జెవాయిల్ 1999లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. గొప్పవాళ్లే, కానీ ముగ్గురితో లక్షలమంది లెక్క తేలదు. పిల్లల చదువును వాళ్ల తల్లిదండ్రుల చదువుతో పోల్చండి. అమ్మ ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే హోమ్ హెల్త్ ఎయిడ్‌గా చేసి కూతురు రిజిస్టర్డ్ నర్సయితే అది పెద్ద అడుగు. తండ్రి ఫార్మసిస్టు, కొడుకూ ఫార్మసిస్టు అయితే ఉన్నచోట నిలబడటం.

9. రాసేటప్పుడు

"ఈజిప్టు వాళ్లు జమైకా వాళ్లకన్నా ముందున్నారు" అని రాయకండి. ఇలా రాయండి: "25 నుంచి 54 ఏళ్ల వయసుండి, వచ్చి పదేళ్లు దాటిన ఆడవాళ్లలో, ఒకే స్థాయి చదువున్నవాళ్ల మధ్య జీతం తేడా ఇంత, మార్జిన్ ఇంత." వాక్యం పొడుగవుతుంది, ఫరవాలేదు. ఏ సంవత్సరాల సర్వే, ఎవరిని తీసేశారు, ఎందుకు తీసేశారు అన్నది పట్టిక కిందే రాయండి. అచ్చుకు ఇచ్చే ముందు ఫ్లాట్‌బుష్‌లో ఒకరికి, జెర్సీ సిటీలో ఒకరికి చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ "అలా కాదు" అంటారో అక్కడికి తిరిగి వెళ్లి లెక్క మళ్లీ చూసుకోండి.